గుట్ట ఎక్కితే తెలుస్తుంది

నడవమని చెప్పని డాక్టరు లేడు. రేపటినుంచి నడుస్తానని మాట ఇవ్వని రోగీ లేడు. చీటీలో రాసిన మాత్రలన్నీ కొంటారు. అడుగున రాసిన "రోజూ నడక" అన్నది మాత్రం ఏ మందుల షాపులోనూ దొరకదు కనుక అక్కడే ఆగిపోతుంది.

ప్రభుత్వ వైద్యుడిగా పాతికేళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలోనూ నేను గమనించిందేమంటే, మనవాళ్ళకి నడక అంటే ఇష్టం లేక కాదు, నడిచే చోటు లేక మానేస్తున్నారు. నేను ఉద్యోగరీత్యా వుంటున్న ముప్కాల్ సంగతే చూడండి. నిజామాబాద్ జిల్లాలో ఉత్తరాన, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన వున్న వూరు. 2016లో మండల కేంద్రమయింది. ఒకవైపు శ్రీరాంసాగర్ నీళ్ళు, మరోవైపు పసుపు, మక్క చేలు. చూడ్డానికి చల్లగా వుంటుంది. కానీ తెల్లవారుజామున రహదారి అంచున నడవాలంటే వెనకనుంచి వచ్చే లారీ ఎంత దూరంలో వుందో చెవులతో కొలుచుకుంటూ నడవాలి. అలాంటి నడకవల్ల కాళ్ళకి మేలు జరిగినా మనసుకి స్థిమితం వుండదు.

యాభై దాటాక నాకూ రక్తపోటు కనిపించింది. నలుగురికీ చెప్పే నడక నేనూ మొదలుపెట్టాలి కదా! అప్పుడు వెతుక్కున్న చోటు గురించే యీ వారం మీతో చెప్పదలిచాను. అది ఒక గుట్ట.

ఏ గుట్ట?

ఇదే రోడ్డున దక్షిణంగా పోతే ఆర్మూరు వస్తుంది. ఆర్మూరుకి పాతపేరు నవనాథపురం. తొమ్మిదిమంది సిద్ధులు అక్కడి గుట్టమీద తపస్సు చేశారని చెప్పుకుంటారు. అందుకే దాన్ని నవనాథ సిద్ధుల గుట్ట అంటారు. గుహలోపల శివాలయం వుంది. నడుం వంచి లోపలికి పోవాలి. నడుంనొప్పి వున్నవాళ్ళు యీ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

మన జిల్లాలో భీమ్‌గల్ దగ్గరి లింబాద్రి గుట్టకు కార్తీకమాసంలో జాతరకు జనం బాగా వస్తారు. నిజామాబాద్ పట్టణంలోని ఖిల్లా రామాలయపు గుట్ట పట్టణవాసులందరికీ తెలుసు. సిద్ధుల గుట్ట పేరు జిల్లా దాటితే వినేవారు తక్కువ. సోమవారాల్లో, పండుగల్లో భక్తుల సందడి వుంటుంది. మామూలు రోజు పొద్దున్నే వెళితే మీరూ, గాలీ, కోతులూ అంతే.

ఆ గుట్ట ఆకారం విచిత్రంగా వుంటుంది. నల్లబారిన బండలు ఎవరో తట్టలతో తెచ్చి కుప్పపోసినట్టు ఒకదానిమీద ఒకటి నిలబడి వుంటాయి. తెలంగాణ గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఎండకి, వానకి పగుళ్ళు పట్టి, మట్టి కొట్టుకుపోగా మిగిలినవే యీ బండలు. వాటి పక్కన కూర్చుంటే మన యాభై ఏళ్ళ వయసూ, అరవై ఏళ్ళ వయసూ ఓ లెక్కలోకి రావు. నాకు మాత్రం యీ ఆలోచన రక్తపోటు మాత్రకి తోడుగా పనిచేస్తుందనిపిస్తుంది.

మెట్లదారి వుంది. పైదాకా వాహనాలు పోయే దారి కూడా ఇప్పుడు వుంది. ఆ రెండో దారితో మనకి వైద్యపరమైన పని కూడా వుంది. తరువాత చెపుతాను.

ఎక్కేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

చదునునేలమీద నడిచినప్పుడు శరీరాన్ని ముందుకి తోస్తే చాలు. గుట్ట ఎక్కేటప్పుడు మీ బరువును మీరే పైకి మోయాలి. డెబ్బై కిలోల మనిషి ప్రతి మెట్టుకీ డెబ్బై కిలోల మూటని ఎత్తి పైమెట్టుమీద పెడుతున్నాడన్నమాట. తొడల కండరాలకి ఎక్కువ రక్తం కావాలి. గుండె వేగం పెంచుతుంది. ఊపిరితిత్తులు ఎక్కువ గాలి పీలుస్తాయి. కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుని ఖర్చు చేస్తాయి.

మెట్లెక్కడం గుండెకి మంచిదన్న మాటకి ఆధారం పాతదే. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన తోటివారు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఒకప్పుడు మన హైదరాబాదులోనూ తిరిగినటువంటి రెండంతస్తుల బస్సులవి. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, టిక్కెట్ల కోసం రోజంతా పైకీ కిందకీ మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువగా వుంది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కాస్త లావుగా వున్నారని ఆ మోరిసే తరువాత వాళ్ళ యూనిఫారం కొలతలు చూసి తేల్చాడు. కనుక పుణ్యమంతా మెట్లదేనని అనలేం. అయినా తరువాతి కాలంలో ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు మొత్తంమీద ఆయన మాటనే బలపరిచాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చెయ్యాలి. లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చెయ్యాలి. గుట్ట ఎక్కడం మనలో చాలామందికి గట్టి శ్రమే. ఇలా క్రమంగా చేసేవారికి, రక్తపోటు వున్నట్టయితే, పైలెక్క 5 నుంచి 8 పాయింట్లు తగ్గే అవకాశం వుంది. తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరు మానకండి.

ఎంత వేగంగా ఎక్కాలి? నాడి లెక్కపెట్టుకోనక్కర లేదు. రక్తపోటుకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి అంతగా పెరగదు కనుక ఆ లెక్క మోసం చేస్తుంది. అంతకంటే తేలికైన కొలమానం మీ నోట్లోనే వుంది. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వస్తుంటే ఇంకాస్త వేగం పెంచవచ్చు. మాట తెగిపోతుంటే ఆగి, ఓ బండమీద కూర్చోండి. ఎవరూ మీకు మార్కులు వెయ్యరు.

"గ్యాస్" అనే అనుమానం

మా బావగారు రిటైరైన టీచరు. ఓ దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చారు. ఆదివారం పొద్దున ఇద్దరం గుట్టకి బయలుదేరాం. ముప్పై నలభై మెట్లెక్కారో లేదో ఆగి, ఛాతీమీద అరచెయ్యి పెట్టుకున్నారు. "ఏం లేదోయ్, రాత్రి తిన్న పూర్ణాలు. గ్యాస్ పట్టింది" అన్నారు. కూర్చోబెట్టాను. అయిదు నిమిషాల్లో నొప్పి పోయింది. "చూశావా, తేన్పు వచ్చింది, పోయింది. పద" అని లేచారు. నేను కదలనివ్వలేదు.

"బావా, ఇంట్లో కూర్చున్నప్పుడు యీ నొప్పి వచ్చిందా?" అని అడిగాను. రాలేదన్నారు. "మేడ ఎక్కినప్పుడు?" కాసేపు మాట్లాడలేదు. నెలరోజులుగా వస్తోందట. మా అక్క కంగారుపడుతుందని చెప్పలేదట. ఇ.సి.జి. తీయించుకుంటే బాగానే వుందన్నారట. దాంతో ధైర్యం.

ఇక్కడ మీరొక విషయం గ్రహించాలి. ఇ.సి.జి. తీసేది మంచంమీద పడుకోబెట్టి. గుండె రక్తనాళం సగానికి పైగా పూడుకుపోయినా, విశ్రాంతిగా వున్న గుండెకి కావలసినంత రక్తం అందుతూనే వుండవచ్చు. అప్పుడు కాగితంమీద ఏ లోపమూ కనిపించదు. శ్రమ చేసినప్పుడు రక్తం చాలక నొప్పి వస్తుంది. కూర్చుంటే పోతుంది. అందుకే శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే నొప్పి గ్యాస్ కాదు, గుండెదేమోనని ముందుగా అనుమానించాలి. అది ఛాతీలోనే రావాలని లేదు. దవడలో, ఎడమ భుజంలో, పొట్ట పైభాగాన బరువుగా రావచ్చు. ఆడవారికీ, చక్కెర జబ్బు వున్నవారికీ నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే రావచ్చు.

ఆ రోజే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. యాంజియోగ్రాం చేస్తే ప్రధాన రక్తనాళం ఒకటి తొంభై శాతం పూడుకుని వుంది. స్టెంటు వేశారు. మా అక్క ఆ వరండాలో కూర్చుని నన్ను అడిగింది ఒక్కటే మాట. "గుట్టకి తీసుకుపోకపోతే ఏమయ్యేదిరా?" దానికి సమాధానం నాకు తెలుసు. చెప్పలేదు.

గుట్టవల్ల ఆయనకి జబ్బు రాలేదు. వున్న జబ్బు అక్కడ బయటపడింది. మరుసటి యేడు మళ్ళీ దసరాకి వచ్చారు. గుండె డాక్టరు అనుమతి తీసుకుని, నాలుగుచోట్ల కూర్చుంటూ పైదాకా వచ్చారు.

దిగడమే అసలు పని

ఎక్కడం కష్టం, దిగడం సుఖం అని మన అనుభవం. గుండె విషయంలో అది నిజమే. మోకాళ్ళ విషయంలో కాదు. మెట్లు దిగేటప్పుడు మోకాలిమీద పడే బరువు మన శరీరం బరువుకి మూడున్నర రెట్ల దాకా వుంటుంది. పైగా దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకులా పట్టి వుంచాలి. అలవాటు లేనివారికి ఆ పనివల్ల కండరంలో సన్నసన్న దెబ్బలు తగులుతాయి. అందుకే గుట్ట దిగిన రోజు హాయిగా వుండి, మర్నాడు, ఎల్లుండి తొడలు పట్టేస్తాయి. భయపడనక్కరలేదు. నాలుగైదు రోజుల్లో పోతుంది. రెండోసారి అంత రాదు.

ఇందులో ఓ లాభం కూడా వుంది. ఆస్ట్రియా దేశపు వైద్యులు 2004లో ఒక చిన్న పరిశోధన ఫలితాలు చెప్పారు. కొంతమందిని రెండు నెలలు కొండ ఎక్కించి రోప్‌వేలో దింపారు. మరో రెండు నెలలు రోప్‌వేలో ఎక్కించి, నడిపించి దింపారు. రెండింటివల్లా చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది. ట్రైగ్లిజరైడ్ల కొవ్వు తగ్గింది ఎక్కడంవల్ల. చక్కెరను తట్టుకునే శక్తి పెరిగింది దిగడంవల్ల! చిన్న పరిశోధన కనుక దాన్ని పట్టుకుని సూత్రాలు చెయ్యలేం. కానీ ఎక్కడానికి గుండె చాలనివారు మెల్లగా దిగడం, దిగడానికి మోకాళ్ళు చాలనివారు మెల్లగా ఎక్కడం చెయ్యవచ్చన్న ఆలోచన బాగుంది.

దాన్ని నేను ఒకావిడకి చెప్పాను. నలభై ఎనిమిదేళ్ళ బీడీ కార్మికురాలు. మన జిల్లాలో ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకులు చుడుతూ కూర్చుంటారో మీకు తెలుసు. రోజుకి తొమ్మిది పది గంటలు ఒకే భంగిమ. ఆమెకి బరువెక్కువ, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు. నడవమంటే, "నడిచేందుకు నాకు పొద్దేడ దొరుకుతది సారూ? నేను నడుస్తే బీడీలెవరు జేస్తరు?" అంది. సబబైన ప్రశ్న. దానికి నడవమని మళ్ళీ చెప్పడం జవాబు కాదు.

"కట్టకి ఇరవై అయిదు బీడీలు కదమ్మా. రెండు కట్టలు అయినప్పుడల్లా చాట పక్కనపెట్టి లేచి, వాకిలిదాకా పోయి రా" అన్నాను. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. ఇరవైసార్లు లేచినట్టు. రెండు నెలలయ్యాక, కార్తీక సోమవారంనాడు శివుడి దగ్గరికి కాళ్ళతో ఎక్కి, దిగేటప్పుడు బండిమీద దిగమన్నాను. "మొక్కు చెల్లుతదా సార్, బండెక్కి దిగితే?" అని అడిగింది. "దేవుడి దగ్గరికి పోయేది ఎక్కేటప్పుడు గదా" అన్నాను. నవ్వింది. ఎక్కింది. ఇప్పుడు రక్తపోటు ఒక్క మాత్రతో అదుపులో వుంది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని నేనూ చెప్పలేదు.

చెప్పుల మాట

గుడి వున్న గుట్ట కనుక కొందరు కిందనే చెప్పులు విడిచి ఎక్కుతారు. భక్తిని నేను కాదనను. కానీ చక్కెర జబ్బు వున్నవారు యీ భాగం రెండుసార్లు చదవండి.

గల్ఫ్‌లో పన్నెండేళ్ళు పనిచేసి తిరిగివచ్చిన ఒకాయన. నలభై అయిదేళ్ళుంటాయి. చక్కెర జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళు. కూతురి పెళ్ళి కుదిరిందన్న మొక్కుతో ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఒట్టికాళ్ళతో ఒక గుట్ట ఎక్కి దిగాడు. బండ పెనంలా కాలి వుంటుంది. మామూలు మనిషైతే నాలుగడుగులకే గంతులేసేవాడు. ఈయనకి ఏమీ తెలియలేదు. దేవుడి మహిమ అనుకున్నాడు. మూడోరోజున భార్య దుప్పటిమీద తడి చూసి అరికాలు తిప్పి చూస్తే బొబ్బలు పగిలి వున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి పదిరోజులు. చీము బొటనవేలి ఎముకదాకా పోయింది. వేలు తీసెయ్యక తప్పలేదు. కూతురి పెళ్ళిలో కుర్చీలో కూర్చుని కన్యాదానం చేశాడు.

చక్కెర ఎక్కువకాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. నొప్పి అనేది శరీరం కొట్టే గంట. ఆ గంట మోగడం మానేస్తే దొంగ ఎప్పుడు వచ్చాడో తెలియదు.

మీ పాదాలకి స్పర్శ వుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్ళు మూసుకుని పడుకోండి. ఇంట్లోవారు రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో ఒక్కొక్కటిగా, తేలిగ్గా, ఒకటి రెండు సెకండ్లు తాకాలి. నొక్కకూడదు, రాయకూడదు. తాకినప్పుడల్లా మీరు కుడో ఎడమో చెప్పాలి. ఆరు వేళ్ళలో రెండు, అంతకంటే ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం. అలాంటివారు ఒట్టికాళ్ళతో గుట్టే కాదు, ఇంటి వాకిలి కూడా తొక్కకూడదు. గుడిముందు చెప్పులు విడవక తప్పకపోతే, పొద్దున చల్లటి వేళ, మందపాటి మేజోళ్ళు వేసుకుని ఆ నాలుగడుగులూ వెయ్యండి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు అద్దంలో చూసుకోండి.

గుర్తుంచుకోవలసినవి

1. నలభై దాటినవారు, గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర వున్నవారు, పొగతాగేవారు మొదట డాక్టరుకి చూపించుకుని మొదలుపెట్టండి. మొదటి నెల చదునునేలమీద అరగంట నడవడం అలవాటయ్యాకే గుట్ట జోలికి రండి.

2. మొదటిరోజే పైకి చేరాలని పంతం వద్దు. ఈ వారం యాభై మెట్లు, వచ్చే వారం డెబ్బై.

3. చక్కెరకి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు పరగడుపున ఎక్కకూడదు. ఓ జొన్నరొట్టె ముక్కో, రెండు ఇడ్లీలో తిని బయలుదేరండి. జేబులో పంచదార వుండాలి. చేతులు వణికి, చెమటపట్టి, కళ్ళు తిరిగితే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకుని కూర్చోండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తీసుకోండి.

4. మార్చి నుంచి జూన్ వరకు ఎండ పొడవక ముందే దిగెయ్యాలి. మన దగ్గర బండలు సాయంత్రం దాకా వేడి కక్కుతూనే వుంటాయి. మనిషికి లీటరు నీళ్ళు తప్పనిసరి.

5. చేతికర్ర పట్టుకోవడం ముసలితనం కాదు. దిగేటప్పుడు మోకాలి బరువు కొంత అది మోస్తుంది.

6. బండల సందుల్లో చెయ్యి పెట్టకండి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పీల్చడం కూడదు. కరిచిన చేతినో కాలినో కదపకుండా వుంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. విరుగుడు ఇంజక్షను అక్కడ ఉచితంగా ఇస్తారు. తేనెపట్టు కనిపించినచోట పొగ పెట్టకండి, బీడీ కాల్చకండి.

7. ఛాతీలో బరువుగా వుంటే ఆగండి. పది నిమిషాలు కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోను చెయ్యండి. తగ్గినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఒంటరిగా ఎక్కకండి.

గుట్ట లేని వూళ్ళో

మా వైపు గుట్టలు లేవే అని బోధన్ వైపు పాఠకులు అడగవచ్చు. మీకు చెరకు, వరిచేల మధ్య కాలవగట్లు వున్నాయి. లారీల భయం లేని గట్టు దొరికితే అంతకంటే మంచి దారి లేదు. 2015లో నిజాం షుగర్స్ మూతబడ్డాక నలభై యాభైల్లో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కొందరిని చూశాను. జీతంతోబాటు రోజూ ఫ్యాక్టరీదాకా పోయివచ్చే నడక కూడా పోయింది వాళ్ళకి. అలాంటివారికి పొద్దున్నే లేచి పోవలసిన చోటు ఒకటి వుండడం మందుతో సమానం. పట్నాల్లో మేడమెట్లున్నాయి. లిఫ్టు బాగుచేసేదాకా ఎక్కేది ఎలాగూ మెట్లే కదా. బాగుచేశాక కూడా ఎక్కండి.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. గుట్టమీద కూర్చున్నప్పుడు సెల్‌ఫోను ఆపండి. పావుగంట ఎవరితోనూ మాట్లాడకండి. పక్కన బండ మాట్లాడదు, గాలి మనల్నేమీ అడగదు. రోజూ వందమంది బాధలు వినే నాకు ఆ పావుగంట ఎంత అవసరమో, పొద్దున లేచింది మొదలు ఇంటిల్లిపాది కోరికలూ వినే మీకూ అంతే అవసరం.

ఈ ఆదివారం దగ్గరలో వున్న గుట్ట ఏదో వెతకండి. ఎన్ని మెట్ల దగ్గర మాట తెగిందో, ఎక్కడ కూర్చున్నారో ఓ కాగితంమీద రాసుకోండి. ఈసారి మీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మందుల చీటీతోబాటు ఆ కాగితం కూడా చూపించండి.